తాలింపు మోతాదు, మందు మోతాదు: వంటింటి దినుసుల మీద పరిశోధనలు ఎంతవరకు నిలుస్తాయి?

పసుపు క్యాన్సర్‌ను ఆపుతుందని, మెంతులు మధుమేహాన్ని మాన్పుతాయని, వెల్లుల్లి గుండెను కాపాడుతుందని చెప్పే సందేశాలు మన ఫోన్లలోకి రోజూ వస్తుంటాయి. అన్నీ గాలికబుర్లేమీ కావు. చాలావాటి వెనక ఎక్కడో ఒక అసలైన పరిశోధన ఉంటుంది. కాకపోతే ఆ దినుసు ఎంత ఇచ్చారు, ఎన్నాళ్లు ఇచ్చారు, మనుషులకా ఎలుకలకా, పొడిగానా మాత్రగానా అన్న వివరాలు దారిలోనే రాలిపోతాయి. చివరికి మిగిలేవి దినుసు పేరు, జబ్బు పేరు.

పోపుల పెట్టెలోంచి కూరలోకి వెళ్లేది చిటికెల్లో, అర చెంచాల్లో ఉంటుంది. పరిశోధనల్లో వాడింది గ్రాముల్లో, ఒక్కోసారి పదుల గ్రాముల్లో ఉంటుంది. ఈ రెండు కొలతలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ మాట నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఆధారం అంటే ఏమిటి?

గాజునాళికలో కణాల మీద ఒక పదార్థం పనిచేసిందంటే అది ఒక సూచన. ఎలుకల్లో పనిచేస్తే ఇంకొంచెం గట్టి సూచన. కొందరికి అసలు దినుసు, కొందరికి అలాగే కనిపించే ఉత్తి పొడి (ప్లాసిబో) ఇచ్చి, ఎవరికి ఏది అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించి, ఫలితాలు పోల్చినప్పుడే మనుషుల విషయంలో కాస్త ధైర్యంగా మాట్లాడగలం. అలాంటి ట్రయల్స్ అనేకం ఒకే దిక్కు చూపితే ఆ ధైర్యం పెరుగుతుంది.

జనం తిండిని ఏళ్ల తరబడి గమనించే అధ్యయనాలు వేరే రకం. చైనాలో సుమారు 4,87,000 మందిని సగటున ఏడేళ్లకు పైగా గమనించిన అధ్యయనం 2015లో బీఎంజే పత్రికలో వచ్చింది. వారానికి ఆరేడు రోజులు కారం తినేవాళ్లలో మరణాలు, వారానికి ఒక్కరోజైనా తిననివాళ్లతో పోలిస్తే 14 శాతం తక్కువగా కనిపించాయి. గుంటూరు మిరపకాయకు ఇది సంతోషకరమైన వార్తే. కానీ కారం బాగా తినేవాళ్లు ఇంకేం తింటున్నారు, ఎక్కడ ఉంటున్నారు, ఏం పని చేస్తున్నారు అన్న తేడాలను గణితంతో పూర్తిగా తుడిచేయలేం. కడుపులో మంట ఉన్నవాళ్లు ముందే కారం మానేసి ఉండొచ్చు. అలాంటప్పుడు కారం ఆయుష్షు పెంచిందనడం కన్నా, ఆరోగ్యం బాగున్నవాళ్లే కారం తినగలిగారనడం సబబు కావచ్చు.

నమ్మబుద్ధయ్యే కథ ఎంత తేలిగ్గా నిలబడుతుందో, ఎంత తేలిగ్గా పడిపోతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. వేడి దేశాల్లో తిండి త్వరగా పాడవుతుంది కనుక, క్రిములను చంపే మసాలాలు అక్కడ ఎక్కువగా వాడుకలోకి వచ్చాయని 1998లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 36 దేశాల వంటకాలను విశ్లేషించి ప్రతిపాదించారు. రెండు దశాబ్దాలకు పైగా ఆ మాట పాఠంలా చెలామణి అయింది. 2021లో లిండెల్ బ్రోమ్‌హామ్ అనే పరిశోధకురాలి బృందం 70 వంటశైలులకు చెందిన 33,750 వంటకాలను తీసుకుని మళ్లీ లెక్కకట్టింది. ఉష్ణోగ్రత గానీ, ఆహారం వల్ల వచ్చే అంటురోగాల ముప్పు గానీ మసాలా వాడకాన్ని సరిగా వివరించలేకపోయాయి.

పసుపు: లెక్క వేసి చూస్తే

పసుపు మీద జరిగినన్ని పరిశోధనలు మరే తాలింపు దినుసు మీదా జరగలేదేమో. వాటిలో ఎక్కువ భాగం పసుపు గురించి కాదు, అందులోని కర్క్యుమిన్ గురించి. పసుపు పొడి బరువులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం ఉంటుంది.

నలుగురున్న ఇంట్లో ఒక వంటకానికి అర టీస్పూను పసుపు వేశారనుకుందాం. అది సుమారు ఒకటిన్నర గ్రాములు. రోజుకు అలాంటి వంటకాలు రెండు తింటే ఒక్కొక్కరికీ అందేది ముప్పావు గ్రాము. అందులో కర్క్యుమిన్ సుమారు 22 మిల్లీగ్రాములు. క్లినికల్ ట్రయల్స్‌లో సాధారణంగా ఇచ్చేది రోజుకు 500 నుంచి 2,000 మిల్లీగ్రాములు. ఒక్క గ్రాము కర్క్యుమిన్‌ను వంట పసుపు నుంచే రాబట్టాలంటే మనిషి రోజుకు 33 గ్రాముల పసుపు, అంటే దాదాపు పదకొండు టీస్పూన్లు తినాలి. ఆ కూరను ఎవరూ నోట్లో పెట్టుకోలేరు.

పోనీ అంత మోతాదులో మాత్రగా తీసుకుంటే గుణం ఖాయమా అంటే, అదీ లేదు. కర్క్యుమిన్ పేగుల్లోంచి రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది, చేరినదీ త్వరగా విచ్ఛిన్నమవుతుంది. ఔషధ రసాయన శాస్త్రవేత్తలు 2017లో ఒక ప్రముఖ పత్రికలో అప్పటికి జరిగిన వందకు పైగా ట్రయల్స్‌ను సమీక్షించి, ప్లాసిబోతో పోల్చి పక్కాగా నడిపిన ట్రయల్స్‌లో ఒక్కటీ విజయవంతం కాలేదని తేల్చారు. మోకీళ్ల అరుగుదల నొప్పికి కొంత ఊరటనిచ్చినట్టు కొన్ని చిన్న ట్రయల్స్ చూపుతున్నాయి గానీ, అవి గాఢత పెంచిన మాత్రలతో చేసినవి.

మిరియాల సంగతి చాలామంది విన్నదే. 1998లో బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ కలిపి ఇచ్చినప్పుడు రక్తంలోకి చేరేది 2,000 శాతం పెరిగిందని కనుగొన్నారు. మిరియాల్లో పైపెరిన్ సుమారు 5 శాతం ఉంటుంది కాబట్టి ఆ 20 మిల్లీగ్రాములు అర గ్రాములోపు మిరియాల్లోనే దొరుకుతాయి. మిరియాల చారులో అంత పడుతుంది. అంటే ఆ ప్రయోగంలో మిరియాల పాలు వంటింటిదే, కర్క్యుమిన్ పాలు మాత్రం వంటింటికి దాదాపు వంద రెట్లు. పైగా విడిగా ఇచ్చినప్పుడు రక్తంలో చేరింది దాదాపు సున్నా. సున్నాకు దగ్గరగా ఉన్నది ఇరవై రెట్లు పెరిగినా చిన్న సంఖ్యగానే ఉంటుంది. కర్క్యుమిన్ కొవ్వులో కరుగుతుంది కనుక నూనె తాలింపు కొంత సాయపడుతుందని ఊహించవచ్చు. ఊహగానే ఉంచుకోవాలి.

వంటింటి కొలతకు కాస్త దగ్గరగా వచ్చిన పని హైదరాబాద్‌లోనే జరిగింది. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1992లో ప్రచురించిన అధ్యయనంలో 16 మంది పొగతాగేవాళ్లకు రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు 30 రోజులు ఇచ్చారు. జన్యుపదార్థాన్ని దెబ్బతీసే పదార్థాలు వారి మూత్రంలో గణనీయంగా తగ్గాయి. ఆసక్తికరమైన ఫలితమే. కానీ అందులో కొలిచింది మూత్రంలోని ఒక సూచిక. క్యాన్సర్ వచ్చిందా రాలేదా అన్నది కాదు. పాల్గొన్నది పదహారు మంది. దీన్ని పట్టుకుని పసుపు తింటే సిగరెట్ దోషం పోతుందని ఎవరైనా అంటే, ఆ మాటకు ఈ అధ్యయనం పూచీ పడదు.

పసుపు పేటెంటు కథను కూడా తరచూ రుజువుగా చూపిస్తారు. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో అమెరికా పేటెంటు దక్కింది. భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) సవాలు చేయడంతో 1997లో అది రద్దయింది. మనం గెలిచిన అంశం, ఈ వాడకం భారతీయులకు ఎప్పటినుంచో తెలుసునన్నది. ఎంత పసుపు ఏ గాయాన్ని ఎంత త్వరగా మాన్పుతుందన్న ప్రశ్న ఆ వ్యాజ్యంలో తేలలేదు.

మెంతులు: అందుబాటులోకి దిగిన మోతాదు

మెంతుల కథ పసుపుకు భిన్నంగా నడిచింది. ఇక్కడా జాతీయ పోషకాహార సంస్థ పాత్ర పెద్దది. 1990లో ఆర్.డి. శర్మ, టి.సి. రఘురామ్ తదితరులు టైప్ 1 మధుమేహం ఉన్నవాళ్లకు నూనె తీసేసిన మెంతిపిండిని రోజుకు 100 గ్రాములు, మధ్యాహ్నం సగం రాత్రి సగం, ఆహారంలో కలిపి పది రోజులు ఇచ్చారు. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. పులుసులో నలుగురికి కలిపి అర టీస్పూను మెంతులు వేసే ఇంటికి వంద గ్రాములు ఊహకందని కొలత. 1996లో అదే శర్మ బృందం టైప్ 2 మధుమేహం ఉన్న 60 మందికి 25 గ్రాముల చొప్పున 24 వారాలు ఇచ్చి చూసింది. 2015లో హైదరాబాద్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, మధుమేహం అంచున ఉన్న 140 మందిలో 66 మందికి రోజుకు 10 గ్రాముల మెంతిపొడి మూడేళ్ల పాటు ఇచ్చారు. తీసుకోనివాళ్లకు మధుమేహం వచ్చే అవకాశం, తీసుకున్నవాళ్లతో పోలిస్తే 4.2 రెట్లు ఎక్కువగా తేలింది.

అంటే పాతికేళ్లలో మోతాదు వంద గ్రాముల నుంచి పదికి దిగింది. పది ట్రయల్స్‌ను కలిపి 2014లో చేసిన విశ్లేషణలో పరగడుపు షుగర్ సగటున 17 మిల్లీగ్రాములు, రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 0.85 పాయింట్లు తగ్గాయి. రోజుకు కనీసం 5 గ్రాములు తీసుకున్న అధ్యయనాల్లోనే షుగర్ స్పష్టంగా తగ్గింది. ఆ ట్రయల్స్‌లో చాలావాటి నాణ్యత అంతంతమాత్రమేనని కూడా ఆ విశ్లేషకులు చెప్పారు.

ఐదు గ్రాములంటే టీస్పూనున్నర లోపు. నానబెట్టిన మెంతులుగానో, మజ్జిగలో మెంతిపొడిగానో తినదగిన కొలతే. పులుసులోని తాలింపుతో మాత్రం ఒక్కొక్కరికీ అర గ్రాముకు మించి అందదు. మెంతులు ఎలా పనిచేస్తాయో చూస్తే ఈ తేడా అర్థమవుతుంది. గింజలో దాదాపు సగం పీచు. అందులో గెలాక్టోమానన్ అనే పీచు నీటిలో జిగురులా ఉబ్బి, అన్నంలోని చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. ఆ పని జరగాలంటే పీచు తగినంత పడాలి. సువాసనకు వేసే నాలుగు గింజలు చాలవు. మెంతులను ఇక్కడ మసాలాగా కాక పీచుపదార్థంగా చూడడం మేలు.

అల్లం, వెల్లుల్లి

వంటింటి కొలత, ట్రయల్ కొలత బాగా దగ్గరపడింది అల్లం విషయంలో. గర్భిణుల వేవిళ్లకు థాయిలాండ్‌లో 70 మందిపై చేసి 2001లో ప్రచురించిన ప్లాసిబో ట్రయల్‌లో రోజుకు ఒక గ్రాము అల్లం పొడిని నాలుగు విడతలుగా ఇచ్చారు. వికారం, వాంతులు తగ్గాయి. తర్వాత వచ్చిన మరికొన్ని ట్రయల్స్ వికారం విషయంలో దీన్ని సమర్థించాయి. ఒక గ్రాము శొంఠి అంటే అర టీస్పూను కంటే కొంచెం ఎక్కువ. అజీర్తికి, జలుబుకు అల్లం గురించి చెప్పుకునే మిగతా మాటల వెనక ఇంత గట్టి ఆధారం లేదు. గర్భిణి ఏదైనా రోజూ మోతాదుగా వాడాలనుకుంటే డాక్టరుకు చెప్పే వాడాలి.

వెల్లుల్లిది తిరగబడిన కథ. కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుందన్నది దాని మీద ఉన్న పెద్ద నమ్మకం. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2007లో ప్రచురించిన ట్రయల్‌లో, చెడు కొలెస్ట్రాల్ ఓ మోస్తరుగా పెరిగిన 192 మందిని విభజించి పచ్చి వెల్లుల్లి, రెండు రకాల వెల్లుల్లి మాత్రలు, ప్లాసిబో ఇచ్చారు. రోజుకు సుమారు ఒక పెద్ద రెబ్బ, వారానికి ఆరు రోజులు, ఆరు నెలలు. కొలత సరిగ్గా వంటింటిదే. చెడు కొలెస్ట్రాల్ ఏ గుంపులోనూ చెప్పుకోదగ్గంత కదలలేదు. రక్తపోటు విషయంలో ఆశ కొంత మిగిలింది. అధిక రక్తపోటు ఉన్న 553 మందితో జరిగిన 12 ట్రయల్స్‌ను 2020లో కలిపి చూస్తే పై బీపీ సగటున 8 పాయింట్లు తగ్గింది. అయితే అవి వెల్లుల్లి మాత్రలతో చేసినవి, చిన్నవి.

వండే పద్ధతి వల్ల తేడా వస్తుందా? వెల్లుల్లి రెబ్బను నలిపినప్పుడే అల్లినేజ్ అనే ఎంజైమ్ పనిచేసి అల్లిసిన్ తయారవుతుంది. వెంటనే వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. నలిపాక పది నిమిషాలు ఆగి వేడిచేస్తే గుణం కొంత నిలిచిందని 2001లో ఎలుకలపై చేసిన ప్రయోగం చూపింది. మనుషుల్లో దాని ఫలితం ఎంతో చెప్పలేం గానీ, వెల్లుల్లిని ముందుగా దంచి పక్కన పెట్టుకోవడం వల్ల పోయేదేమీ లేదు.

మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్ఐ) శాస్త్రవేత్తలు 2010లో మరో కోణం చూపించారు. ధాన్యాలకు, పప్పులకు ఉల్లి, వెల్లుల్లి కలిపినప్పుడు వాటిలోని ఇనుము, జింకు ఒంటికి అందే వీలు పెరిగింది. ఇది జీర్ణక్రియను అనుకరిస్తూ పాత్రలో చేసిన ప్రయోగం. రక్తహీనత విస్తారంగా ఉన్న మన రాష్ట్రాల్లో మనుషులపై చేసి చూడదగిన ప్రశ్న ఇది.

అన్నీ కలిపి, కూరలో వేసుకుని తింటే

విడివిడి దినుసుల పరిశోధనలకు పెద్ద లోపం ఒకటుంది. ఎవరూ ఒక్క పసుపునో, ఒక్క జీలకర్రనో తినరు. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రచురించిన ట్రయల్ ఈ లోటును కొంత తీర్చింది. గుండెజబ్బు ముప్పున్న 71 మందికి మామూలు అమెరికన్ భోజనాన్నే మూడు విధాలుగా పెట్టారు. దినుసుల మిశ్రమం ఒకదానిలో రోజుకు అర గ్రాము, రెండో దానిలో 3.3 గ్రాములు, మూడో దానిలో 6.6 గ్రాములు. ఒక్కో భోజనం నాలుగు వారాలు. ఆరున్నర గ్రాములన్నది తెలుగు పళ్లేనికి కొత్త కాదు. ధనియాలు, జీలకర్ర, మిరప, ఆవాలు, పసుపు కలుపుకుంటే దానికి అటూ ఇటూగా చేరుకోవచ్చు.

ఫలితం? ట్రయల్ ప్రధానంగా కొలవాలనుకున్న చెడు కొలెస్ట్రాల్‌లో మార్పు రాలేదు. ఒకరోజంతా యంత్రం కట్టి కొలిచిన పై బీపీ మాత్రం, 3.3 గ్రాముల భోజనంతో పోలిస్తే 6.6 గ్రాముల భోజనంలో సుమారు 2 పాయింట్లు తగ్గింది. మనిషికి చూస్తే ఇది చిన్న మార్పు. ఈ పరిశోధనకు డబ్బు పెట్టింది మెక్‌కార్మిక్ అనే మసాలా కంపెనీకి చెందిన సంస్థ. అంతమాత్రాన ఫలితం తప్పని కాదు. సంబంధం లేని డబ్బుతో మరొకరు చేసి అదే ఫలితం చూపేదాకా కాస్త ఆగాలి.

అసలు లాభం ఉప్పు దగ్గర

ఇంతవరకు చూసిన వాటికన్నా పెద్ద లాభం దినుసుల్లోని రసాయనాల వల్ల కాక, వాటి రుచి వల్ల రావచ్చు. ఒక వయోజనుడికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2017లో ప్రచురితమైన అధ్యయనం ఒకరోజు మూత్రాన్ని పరీక్షించి, ఆంధ్రప్రదేశ్‌లో సగటు వాడకం 9.46 గ్రాములని లెక్కగట్టింది. దాదాపు రెట్టింపు.

అమెరికాలోని బాల్టిమోర్‌లో 55 మంది పెద్దవాళ్లతో చేసిన ట్రయల్ 2015లో వచ్చింది. ఉప్పు తగ్గించి, బదులుగా దినుసులు, ఆకులతో రుచి తెచ్చుకోవడం నేర్పిన గుంపు 20 వారాల తర్వాత, సొంతంగా ప్రయత్నించమని వదిలేసిన గుంపు కంటే రోజుకు సుమారు 957 మిల్లీగ్రాముల సోడియం తక్కువ తీసుకుంది. ఉప్పు లెక్కలో సుమారు రెండున్నర గ్రాములు. ఇందులో వంట పాఠాల వాటా ఎంత, సలహాల వాటా ఎంత అన్నది విడదీయలేం. దీనికీ మసాలా పరిశ్రమ డబ్బు అందింది. అయినా ఇక్కడ ఒక విషయం గట్టిది. ఉప్పు తగ్గితే రక్తపోటు తగ్గుతుందనడానికి ఎన్నో దేశాల్లో బలమైన ఆధారం ఉంది.

మన వంటలో ఇది ఎక్కడ పనికొస్తుందో ఆలోచించడం కష్టం కాదు. చారులో మిరియాలు, జీలకర్ర, కొత్తిమీర బాగా వేసి ఉప్పు పావువంతు తగ్గిస్తే నాలుక కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. చింతపండు, నిమ్మరసం పులుపు కూడా ఉప్పు లోటును కప్పిపుచ్చుతుంది. ఊరగాయ దగ్గర మాత్రం ఈ ఎత్తు పారదు. ఆవకాయ నిలవ ఉండేదే ఉప్పు బలంతో. అందులో ఆవపిండి, మెంతులు, వెల్లుల్లి అన్నీ ఉన్నాయని ముద్ద ముద్దకూ కలుపుకుంటే దినుసుల మేలు సంగతి ఎలా ఉన్నా ఉప్పు కీడు ఖాయం. ప్యాకెట్ మసాలాల్లో కొన్నింటిలో ఉప్పు ముందే కలిసి ఉంటుంది. అట్ట మీద చదివి కొనడం మంచిది.

కల్తీ: చిన్న మోతాదూ చేటు చేసేచోట

చిటికెడు పసుపులో కర్క్యుమిన్ పెద్దగా పనిచేయకపోవచ్చు. అదే చిటికెలో సీసం ఉంటే అది పనిచేస్తుంది. పాలిష్ పట్టేటప్పుడు కొమ్ములకు మంచి పచ్చదనం రావడానికి లెడ్ క్రోమేట్ అనే రంగు కలుపుతున్నారని బంగ్లాదేశ్‌లో స్టాన్‌ఫర్డ్, స్థానిక పరిశోధకులు 2019లో బయటపెట్టారు. ప్రభుత్వం దాడులు, ప్రచారం కలిపి నడిపింది. కల్తీ పసుపు వాటా 2019లో 47 శాతం నుంచి 2021కల్లా సున్నాకు వచ్చింది. 2024లో వచ్చిన మరో అధ్యయనం భారత్, పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్‌లలోని నగరాల నుంచి 356 నమూనాలు పరీక్షించింది. పట్నా, కరాచీ, పెషావర్‌లలో గ్రాముకు సీసం 1,000 మైక్రోగ్రాములు దాటిన నమూనాలు దొరికాయి. మన ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు గ్రాముకు 10. సీసానికి సురక్షితమైన స్థాయి అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల మెదడు ఎదుగుదలకు అది శాశ్వతమైన దెబ్బ.

నిజామాబాద్, దుగ్గిరాల లాంటి పసుపు మార్కెట్లున్న ప్రాంతంలో ఉన్నవాళ్లకు పాలిష్ పట్టని కొమ్ములు కొని మరపట్టించుకునే వీలుంది. అది లేనిచోట మిరుమిట్లు గొలిపే పచ్చరంగులో ఉన్న విడి పసుపు కంటే, పరీక్షలకు లోబడిన ప్యాకెట్ నయం. కంటితో చూసి సీసాన్ని పసిగట్టలేమని మాత్రం గుర్తుంచుకోవాలి.

మాత్రగా మారినప్పుడు

కూరలో పసుపు తరతరాలుగా తింటున్నాం కాబట్టి పసుపు మాత్ర కూడా అంతే నిరపాయం అనుకోవడం తర్కానికి నిలవదు. రంగుపదార్థంగా కర్క్యుమిన్‌కు అంతర్జాతీయ నిపుణుల సంఘం పెట్టిన రోజువారీ హద్దు కిలో శరీర బరువుకు 3 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 180. మన కూర దానికి చాలా దిగువన ఉంటుంది. మాత్రలు తేలిగ్గా దాటేస్తాయి. అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతినడాన్ని పరిశీలించే బృందం పసుపు ఉత్పత్తులతో ముడిపడిన 10 కేసులను నమోదు చేసింది. ఐదుగురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. వారిలో ఏడుగురికి ఒకే రకమైన జన్యు లక్షణం ఉంది. కొన్ని ఉత్పత్తుల్లో మిరియాల సారం కూడా కలిసి ఉంది. ఎక్కువగా ఒంటికి పట్టించాలని కలిపిన ఆ సారం, చేటునూ పెంచుతుందేమో చూడాల్సి ఉంది.

రక్తాన్ని పలుచన చేసే మందులు వాడేవాళ్లు వెల్లుల్లి, అల్లం, పసుపు మాత్రలకు, ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడేవాళ్లు గ్రాముల కొద్దీ మెంతిపొడికి డాక్టరుకు చెప్పకుండా దిగకూడదు. గర్భిణులు మెంతులను మందులా ఎక్కువగా తీసుకోకపోవడం మంచిది. కూరల్లో వాడుకునే మేరకు ఈ భయాలేవీ అవసరం లేదు.

ఇప్పటికి చెప్పగలిగింది

ఆధారాల బరువును బట్టి వరుస పెడితే ఇలా వస్తుంది. వికారానికి ఒక గ్రాము అల్లం పొడి: నమ్మదగినది, వంటింటికి అందేది. షుగర్‌కు రోజుకు ఐదు నుంచి పది గ్రాముల మెంతులు: ఆశాజనకం, మందుకు తోడుగానే తప్ప బదులుగా కాదు. రక్తపోటుకు వెల్లుల్లి: మాత్రల్లో కొంత, రెబ్బలో అనుమానం. కూరలోని పసుపు జబ్బులు నయం చేస్తుందన్న మాట: ఇప్పటి ఆధారాలతో నిలవదు. దినుసుల రుచితో ఉప్పు తగ్గించుకోవడం: అన్నిటికన్నా పెద్ద లాభానికి దారి తీసే అవకాశం.

ఈ చివరిదాన్ని మన నేల మీదే పరీక్షించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఊళ్లలో కొన్ని కుటుంబాలను తీసుకుని, సగం ఇళ్లకు దినుసులు పెంచి ఉప్పు తగ్గించే వంట నేర్పి, ఏడాది పాటు అందరి మూత్రంలో సోడియం, బీపీ కొలిస్తే చాలు. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, పేటెంటు వచ్చే మాత్ర అక్కర్లేదు. బహుశా అందుకే దీనికి డబ్బు పెట్టేవాళ్లు తక్కువ. కర్క్యుమిన్ మీద మరో వంద మాత్రల ట్రయల్స్ కంటే, మసాలా కంపెనీల డబ్బు లేకుండా జరిగే అలాంటి ట్రయల్ ఒక్కటి తెలుగు ఇళ్లకు ఎక్కువ పనికొస్తుంది.